చెదలు – గృహరక్షణము



తొలకరి జల్లు పడిన నాటి సాయంకాలమున దీపము చుట్టును ఉసిళ్ళు మూగుట మీరందఱును చిన్ననాటి నుండి చూచినదే. అవి గడియసేపు ఎగిరి, రెక్కలు రాల్చి, నేలపై ప్రాకుచు ఎటుపోవునో యెవ్వరును గమనింపరు. ఉదయమున ఇల్లాలు ఆ రెక్కలను ఊడ్చి పాఱవేయును. నేనును ఏబదియేండ్లు అట్లే చూచితిని. ఆ ఉసిళ్ళే చెదలు. రెక్కలు వచ్చిన చెదలు జంటలు జంటలుగా క్రొత్త కాపురమునకై వెడలుటయే ఆ వేడుక. వీధిలో రెక్కలు రాలినచో వింత లేదు. కాని తలుపులును కిటికీలును మూసియున్న గదిలో, ద్వారబంధము క్రింద రెక్కలు కుప్పగా కనబడినచో, అవి బయలుదేరినది మీ యింటి క్రిందినుండియే యని తెలిసికొనవలెను. ఈ పూట నేను చెప్పదలచినది అట్టి యింటిని గూర్చియే.

నేను శాస్త్రజ్ఞుడను గాను. ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదివి, ముప్పదియేండ్లకు పైగా మన డెల్టా పాఠశాలలలో తెలుగు చెప్పి విరమించిన పంతులును. నాకును చెదలకును వైరము పుస్తకముల మూలమున వచ్చినది. 1994 ప్రాంతమున కోనసీమలో ఒక యున్నత పాఠశాలలో పనిచేయుచుంటిని. అది మొదట ఎలిమెంటరీ పాఠశాలగా నారంభమై పిదప పెరిగినది గనుక పూర్వపు ప్రవేశపు రిజిస్టర్లన్నియు అందే యుండెను. బీరువా తాళపుచెవి నా యొద్ద నుండెను. ఆ బీరువా గోడకు ఆనియుండెను. ఆ గోడకు ఎప్పుడును చెమ్మ.

వేసవి సెలవులు గడచి బడి తెఱచిన వారమున ఒక ముసలి పాలేరు వచ్చి గుమ్మము కడ నిలిచెను. వృద్ధాప్యపు పింఛనునకు వయస్సు ఋజువు కావలెనట. “మేష్టారండీ, నేను రెండేళ్ళు ఈ బళ్ళోనే చదివానండి. నా పుట్టిన తేదీ ఆ పుస్తకంలో రాసుందని మా అయ్య చెప్పేవోడండి” అనెను. బీరువా తెఱచితిని. అట్టడుగు అరలో రిజిస్టర్లు వరుసగా నున్నవి. అట్టలకు ఏ లోపమును లేదు. అతడు చెప్పిన యేటిది చేతికి తీసికొనగా దూదివలె తేలికగా వచ్చినది. విప్పితిని. లోపల కాగితము లేదు, మట్టి యున్నది. అంచులమాత్రము వ్రేలెడు మేర మిగిలినవి. వానిపై వరుస సంఖ్యలు కలవు, పేర్లు లేవు. అతని పేరు కాగితమున కెక్కిన చోటు అదొక్కటియే. అతడు కొంతసేపు ఆ మట్టిని చూచి, “పోన్లెండి మేష్టారండీ, మీరేం చేత్తారండి” అనెను. ఆ మాట నాకు తిట్టుకంటె ఎక్కువైనది. వైద్యుని వలన వయోనిర్ధారణ పత్రము పొందుటకై అతడు మూడుసారులు పట్టణమునకు తిరిగెను. ఒకసారి నేను వెంట వెళ్ళితిని. బీరువాను గోడకు జానెడు ఎడముగా జరిపి, నెలకొకసారి అడుగు అర దులిపియుంటినేని ఆ తిరుగుడు లేకపోవును.

చెదను తెల్లచీమ యనుట కలదు. చీమకును దీనికిని చుట్టఱికము లేదు, పైగా పగ కలదు. చీమలు చెదలను పట్టి తినును. చెదకు జ్ఞాతి బొద్దింక యని నేటి శాస్త్రజ్ఞులు తేల్చిరి. పుట్టను పెట్టునదియు చెదయే. నాగులచవితినాడు మనము పాలు పోయు పుట్ట చెదల కట్టడమే; ఆదికవికి వాల్మీకి యను పేరు వచ్చినది ఆ వల్మీకము వలననే. ఆ పుట్టలోపల చెదలు తాము నమిలి తెచ్చిన పుల్లల పొడితో తోట కట్టి, దానిపై బూజు పెంచి తినును. వానకాలమున మనము ఏరితెచ్చు పుట్టగొడుగులలో కొన్ని ఆ తోటనుండి మొలచినవే. ఆ పేరు పెట్టిన పూర్వుడెవరో గాని, కన్నులార చూచి పెట్టినాడు.

వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గలమను నధ్యాయము కలదు. భూమిలో నీరెచ్చట నున్నదో కనుగొను విద్య యది. ఫలానా చెట్టు చెంత పుట్ట యున్నచో ఫలానా దిక్కున ఇంత లోతున నీరుండునని అందు పెక్కుచోట్ల చెప్పబడినది. విద్యార్థిదశలో నేను దానిని ఛందస్సు కొఱకు చదివితిని గాని విషయము కొఱకు చదువలేదు. చెద మెత్తని పురుగు. పొడిగాలిలో ఎక్కువసేపు బ్రతుకజాలదు. పనిచేయు చెదలకు కన్నులును లేవు. కాబట్టి అది నేలలోని చెమ్మను విడువలేదు. నేలనుండి గోడమీదుగా దూలము వఱకు మట్టితో గొట్టమువంటి దారి కట్టుకొని, ఆ చెమ్మలోనే పోయి వచ్చును. మనము చెక్కకు చెద పట్టినదందుము. మన యిండ్లను ఎక్కువగా తినునవి నేలచెదలు. వాని కాపురము చెక్కలో లేదు, పునాది క్రింది మట్టిలో నున్నది. చెక్క వానికి పొలమువంటిది. 1852లో కాటను దొర ధవళేశ్వరపు ఆనకట్ట ముగించిన నాటినుండి కాలువనీరు త్రాగుచున్న నేల మనది. కొద్దిలోతుననే నీరు పడును. వానికిక కొదువ యేమి?

ఈ సంగతి తెలియకయే నేను మా తండ్రిగారి నాటి మండువా లోగిలికి పదియేండ్లు చిట్కాలు చేసితిని. దూలములకు తారు పూసితిని, వేపనూనె రాచితిని, గూళ్ళలో ఇంగువ నుంచితిని, గొట్టము కనబడినచోట కిరసనాయిలు పోసితిని. కనబడినచోట చచ్చినవి, కనబడనిచోట తినుచునేయుండెను. టేకునకు చేవ లోపల నుండును, తాటికి చేవ వెలుపల నుండును. టేకు ద్వారబంధమున చెద పైనున్న తెల్లచెక్కను తిని చేవను విడచినది. తాటిదూలమున లోపలి మెత్తనను తిని పైపెచ్చు విడచినది. చేతికఱ్ఱతో తట్టినపుడు డోలువలె మ్రోగినది. అపుడు గాని మందు కొట్టువారిని పిలువలేదు.

2021లో మొదట వచ్చిన యతడు భుజమున ఒక పిచికారీ డబ్బాతో వచ్చి, గోడలపై కనబడిన దారులను తడిపి, గంటలో పని ముగించి, సొమ్ము పుచ్చుకొని పోయెను. పోవుచు డబ్బాను వీధి చివర పంటకాలువలో కడిగెనని పొరుగువారు తరువాత చెప్పిరి. మరుసటి తొలకరికి చెదలు పడమటింటి గోడనుండి వచ్చినవి. అతని మోసము సగము, నా యజ్ఞానము సగము. ఎంత మందు పట్టునో నాకు తెలిసియున్నచో అతనిని గుమ్మము దాటనీయను.

ఆ లెక్క మీకిపుడు చెప్పెదను. కాగితము చెంత నున్నచో వ్రాసికొనుడు. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ అను సంస్థవారు ఈ పనికి 6313 అను సంఖ్యతో నియమావళి ప్రకటించియున్నారు. అందొక భాగము కట్టడపు జాగ్రత్తలకు, ఒకటి కట్టుటకు ముందు పోయు మందునకు, ఒకటి కట్టిన యింటికి. క్రొత్త యిల్లు కట్టువారు అదృష్టవంతులు. పునాది గోతుల అడుగునను ప్రక్కలను మందు పోయవచ్చును. గోడల వెంబడి పూడ్చు మట్టికి, నిలువు చదరపు మీటరునకు 7.5 లీటర్లు; అరుగు మట్టమునకు నింపి దిమ్మిస కొట్టిన మట్టిపై, గచ్చు వేయుటకు ముందు, చదరపు మీటరునకు 5 లీటర్లు. ఇరువది అడుగుల వెడల్పు, ముప్పది అడుగుల పొడవు గల యింటికి ఆ పైమట్టమునకే సుమారు 280 లీటర్ల ద్రావణము కావలెను. భుజమున మోయు డబ్బాలో పట్టునది 16 లీటర్లు. పదునెనిమిది డబ్బాల పని యది. ఒక్క డబ్బాతో ఇల్లంతయు తడిపెదనను వానికి మీరేమి చెప్పవలెనో మీకే తెలియును. మెరకకు తోలు మట్టిలో వేళ్ళు, గడ్డి, కఱ్ఱముక్కలు లేకుండ ఏరించుట, పలక చెక్కలను నేలలో విడువకుండుట మందుకంటె ముందు చేయవలసిన పని. దీనికి ఖర్చు లేదు గనుక ఎవ్వరును చేయరు.

కట్టిన యింటికి వేఱు విధము. గోడయు గచ్చును కలియుచోట, 12 మిల్లీమీటర్ల రంధ్రములు అడుగున కొకటి చొప్పున తొలిచి, ఒక్కొక్క దానిలో మందును మట్టి త్రాగినంత, లీటరునకు మించకుండ పంపుతో ఎక్కించి, పిదప సిమెంటుతో మూయవలెను. పండ్రెండడుగులు పదియడుగుల గదికి నలుబదినాలుగు రంధ్రములు. ఇంటి వెలుపల గోడ వెంబడి సన్నని కాలువ తీసి, ఇనుపకమ్మితో మట్టిలోనికి దారులు చేసి మందు పోయుదురు. ఇట్లు మట్టిలో చుట్టును ఒక కంచె ఏర్పడును. పిమ్మట ఆ గోడమొదటనే అరటిపిలకలు నాటుటకు త్రవ్వినచో కంచె తెగినట్లే. మా యింట ఆ పనియు జరిగినది. చేసినది మా యావిడ, ఊరకున్నది నేను.

ఇక మందుల మాట. పూర్వము ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ అనునవి పోసెడివారు. అవి మట్టిలో ఏండ్ల తరబడి యుండును. చెదకు మాత్రమే గాక, నీటిద్వారమున, ఆహారద్వారమున ప్రాణుల క్రొవ్వులో చేరి నిలుచును. అందుచే 2001లో కుదిరిన స్టాక్‌హోం ఒడంబడికలో లోకము వానిని వెలివేసినది. మన దేశమునను నిషిద్ధములే. పిదప క్లోరిపైరిఫాస్ వచ్చినది. 2025లో దానిని గూడ, కొన్ని మినహాయింపులతో, ఆ పట్టికలోనే చేర్చిరి. నేడు బైఫెంత్రిన్, ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రొనిల్ అనునవి వాడుకలో నున్నవి. బైఫెంత్రిన్ చెదను దరి చేరనీయదు. తక్కిన రెండును చెదకు తెలియనే తెలియవు. అది వానిలో నడచి, ఒంటికి అంటించుకొని, తోడివానిని నాకుచు కాపురమునకు చేర్చును. నూటికి 30.5 పాళ్ళ ఇమిడాక్లోప్రిడ్ డబ్బా తెచ్చినచో లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, అనగా నూఱు లీటర్లకు 210. అంతకు తక్కువయైన వ్యర్థము, ఎక్కువయైన హాని. 1968 నాటి కీటకనాశకముల చట్టము క్రింద ఈ పనివారికి అనుమతిపత్రము ఉండవలెను, అడిగి చూడుడు. సీలు మీ యెదుటనే విప్పించి, కొలత మీ యెదుటనే పోయించుడు. అడుగుటకు సిగ్గుపడవలదు, నేను సిగ్గుపడి చెడితిని.

ఇపుడు వరాహమిహిరుని మాట మరల తలచుకొనుడు. పుట్ట యున్నచోట నీరున్నదనెను గదా. చెదకు పోయు మందు మనము త్రాగు నీటికి ఇరుగుపొరుగననుట. మన యూళ్ళలో పెరటిలో నుయ్యి, నూతికి నాలుగడుగులలో వంటింటి గోడ. భీమవరము, ఆకివీడు వైపున గోడకు ప్రక్కనే చేపలచెరువు. బైఫెంత్రిన్, క్లోరిపైరిఫాస్ చేపలకు ఘోరవిషములు. ఇమిడాక్లోప్రిడ్ నీటిపురుగులకును రొయ్యజాతికిని కీడు చేయును. వానలో గాని, నేల నీరుపట్టియున్నపుడు గాని ఈ పని చేయించరాదు. నూతిచెంత నేలలోనికి మందు ఎక్కించరాదు. తప్పనిచో గోడమొదటి మట్టిని త్రవ్వి, దూరముగా టార్పాలినుపై పోసి, మందు కలిపి, చెమ్మ పీల్చుకొనిన పిదప తిరిగి పూడ్చు పద్ధతి యొకటి కొన్ని దేశములలో కలదు.

2022లో మా యింటికి రెండవసారి వచ్చినవాడు పాతికేండ్ల కుఱ్ఱవాడు. లోపలికి వచ్చినవాడు దూలము చూడలేదు, గోడ చూడలేదు. “మేష్టారండీ, నుయ్యి ఎక్కడుందండి?” అని ముందుగా అడిగెను. చూపితిని. అడుగులతో కొలిచి, వంటింటి గోడకు సుద్దతో రెండు గీతలు గీసి, “ఈ మధ్యన నేను రంధ్రం పెట్టనండి” అనెను. ఇల్లంతయు పట్టి అక్కడ విడుతువా యని నేను కేకలు వేసితిని. “నీళ్ళు తాగేది మీరేగదండీ” అని తన పనికి పోయెను. రెండుదినములు తొలిచి, కొలిచి, పోసి, రంధ్రములన్నియు మూసి, ఖాళీడబ్బాలను మూటగట్టి తనతో తీసికొనిపోయెను. ఆ విడచిన గోడమొదట మేము పేర్చిన వంటచెఱకును మాత్రము తానే మోసి దూరముగా వేసి, అచ్చటి మట్టిదారులను చేతితో రాల్చి, “ఇక్కడ మీరే కాపలా అండి” అనెను.

ఆ గీతలు వెల్లవేసినపుడు మాసిపోయినవి. నేను మరల సుద్దతో గీసియుంచితిని. వానకాలమున వారమున కొకసారి, తక్కినపుడు పున్నమికొకసారి, టార్చిదీపము పట్టుకొని ఆ నడుమ గోడను క్రిందినుండి పైదాక చూచుచుందును. ఇంతవఱకు రెండుసారులు వ్రేలెడు దారి కనబడినది. గోటితో గీకివేసి, ఆ తేదీలను మా యింటి పద్దుపుస్తకములో వ్రాసితిని. ఆ పుస్తకము ఇపుడు ఇనుపపెట్టెలో, గోడకు ఎడముగా, బల్లమీద నున్నది.