చేతికి అంటిన నీలిరంగు



పోయిన వారం మన తరగతిలో ఒకరి బొమ్మ మీద నీలిరంగు ఒలికింది. "వీడి చేతికి నీలిరంగు ఉన్నది, కనుక వీడే ఒలికించాడు" అన్నారు మీరు. సరేనని నేను వాడి రంగులపెట్టె తీసుకొన్నాను. వాడు ఏడ్చుకొంటూ ఇంటికి వెళ్ళాడు.

ఆ రాత్రి నాకు అన్నంభట్టు గుర్తుకు వచ్చాడు. ఆయన 17వ శతాబ్దపు తెలుగు పండితుడు. బాలురకు సులభంగా తెలియాలని సంస్కృతంలో 'తర్కసంగ్రహం' అనే చిన్న పుస్తకం రాశాడు. బాలురంటే ఇక్కడ చదువు కొత్తగా మొదలుపెట్టినవారు. ఆ లెక్కన నేనూ బాలుడనే!

అందులో ఒక కొండ ఉన్నది. కొండమీద పొగ కనబడుతుంది, నిప్పు కనబడదు. అయినా నిప్పు ఉన్నదంటాము. ఎందుకు? పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది. అమ్మమ్మ ఊళ్ళో కట్టెలపొయ్యి దగ్గర మీరూ చూసి ఉంటారు. మరి తిరగవేసి, నిప్పు ఉన్నది గనుక పొగ ఉన్నదనవచ్చునా? కూడదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగకు నిప్పొక్కటే చాలదు, పచ్చికట్టె కూడా కావాలంటాడు ఆయన. ఆ ఒక్క ఇనుపగుండుతో వాదమంతా పడిపోయింది.

మన తరగతిలో ఇనుపగుండు ఏదో తెలుసునా? నా చెయ్యే! బొమ్మ తుడిచినప్పుడు నాకూ నీలిరంగు అంటింది. నేను ఒలికించలేదే! వాడూ తుడవబోయాడేమో, మనం అడగనే లేదు.

ఒలికించినది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. వాడే కావచ్చు కూడా. కాని మనం చూపిన కారణం నిలవదు. వేరే కారణం ఉన్నవారు చెప్పండి, విందాము. అంతవరకు, ఇదుగో రంగులపెట్టె. బాబూ, వచ్చి తీసుకో. నన్ను మన్నించు.