రెండు రూపాయల ఆట

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈ మధ్య ఓ పెళ్ళికని గుంతకల్లులోని పుట్టింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక పెద్దవాళ్ళంతా నడుం వాల్చారు. మా తమ్ముడి కూతురు మాత్రం ఓ మూల కూర్చుని సెల్‌ఫోనులో ఏదో ఆడుకుంటోంది. ఏమిటా అని తొంగిచూశాను. నల్లటి తెర, నీలం గోడల సందులు, వాటిలో నోరు తెరుస్తూ మూస్తూ చుక్కలు మింగుకుంటూ పోయే పసుప్పచ్చ బిళ్ళ, వెనకాల తరిమే నాలుగు దయ్యాలు. అది పాక్‌మన్ ఆట. నేను దాన్ని చూసి ముప్ఫై ఎనిమిదేళ్ళ పైమాటే. తప్పు చేసిన మనిషికి సాక్షి ఎదురుపడినట్టు నా గుండె గతుక్కుమంది.

ఆ తప్పు సంగతే ఇవాళ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

గుంతకల్లంటే మీలో చాలామందికి రైలు మారే వూరుగానే తెలిసివుంటుంది. మద్రాసు, బొంబాయి, బెంగుళూరు, హుబ్లీ - అన్ని వైపుల దారులూ మా జంక్షనులో కలుస్తాయి. రైళ్ళకు కొదవలేదు గానీ నీళ్ళకే కటకట. మా అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తంమీద కురిసే వాన సగటున దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ అన్నేళ్ళూ పడదు. 1987 ఎండాకాలంలో మా వీధి కుళాయి మూడు నాలుగు రోజులకొకసారి గానీ వచ్చేది కాదు. మిగతా రోజుల్లో బండివాడి దగ్గర బిందె పావలా లెక్కన కొనుక్కోవడమే. ఆ డబ్బు మా అమ్మ పోపుల డబ్బాలో మెంతుల గిన్నె కింద దాచేది. ఎంత అవసరం వచ్చినా ఆ చిల్లర జోలికి మాత్రం వెళ్ళేది కాదు.

ఆ ఎండల్లోనే వూళ్ళోకి ఎగ్జిబిషను వచ్చింది. జెయింటు వీలు, బజ్జీల అంగళ్ళు, వాటి పక్కన కొత్తగా ఓ వీడియో గేముల డేరా. బీరువాంత పెట్టె, దానికో తెర, ఒకే ఒక్క పిడి. రూపాయి వేస్తే ఆట. నాకప్పుడు పన్నెండేళ్ళు. తొమ్మిదేళ్ళ మా తమ్ముడు చేతిలో కాసు లేకపోయినా రోజూ అక్కడే పడివుండేవాడు. వాడు ఇంటికొచ్చి వర్ణించి చెబుతుంటే నాకూ ఆశ పుట్టింది. ఓ సాయంత్రం మెంతుల గిన్నె ఎత్తి రెండు రూపాయలు తీసుకుని వెళ్ళాను.

డేరా నిండా మగపిల్లలే. నేను పిడి పట్టుకోగానే నవ్వారు. మొదటి రూపాయి నిమిషంలో అయిపోయింది. రెండో రూపాయికి కొంచెం ఒడుపు తెలిసింది. ఒక తెర చుక్కలన్నీ ఖాళీ చేసి రెండో తెరకు వెళ్ళాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచి వచ్చానో, ఎగిరి వచ్చానో నాకే తెలియదు.

మర్నాడు నీళ్ళ బండి వచ్చింది. అమ్మ గిన్నె ఎత్తి చూసుకుంది. పోయింది ఎనిమిది బిందెల డబ్బు! ఎవరు తీశారని అడగనైనా లేదు. ఎగ్జిబిషను పిచ్చి ఎవరికో వీధంతా తెలుసు గదా. చింతబరికె తీసుకుని తమ్ముణ్ణి బాదింది. "నేను తియ్యలేదమ్మా" అని వాడు రెండుసార్లన్నాడు. తరవాత అనడం మానేశాడు. నేను గడప దగ్గరే నిలబడి వున్నాను. నోరు పెగల్లేదు. అమ్మ ఎదురింటివాళ్ళ దగ్గర రెండు బిందెలు బదులు తెచ్చింది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆమెకు ఈ సంగతి చెప్పనేలేదు.

మళ్ళీ మొన్నటి మాటకొస్తాను. మా మేనకోడలు కంప్యూటర్ల చదువు చదువుతోంది. "అత్తా, నువ్వు గూడా ఆడతావా?" అని ఫోను నా చేతికిచ్చింది. నేను వరసగా ఓడిపోతుంటే పక్కన కూర్చుని ఆట మర్మం చెప్పింది.

దీన్ని 1980లో జపానులో నామ్కో కంపెనీలో పనిచేసే తోరు ఇవతాని అనే కుర్రాడు తయారుచేశాడట. ఆ రోజుల్లో ఆటల అంగళ్ళ నిండా కాల్చడాలూ చంపడాలే, మగవాళ్ళ గుంపులే. ఆడవాళ్ళు కూడా సరదాగా లోపలికొచ్చి ఆడుకునే ఆట ఒకటి చెయ్యాలని అతను సంకల్పించుకుని, 'తినడం' చుట్టూ ఆటను అల్లాడు. ఆడవాళ్ళనగానే తిండే గుర్తొచ్చిందా అని కోప్పడకండి! ఒక ముక్క తీసిన పీజాలాంటి ఆకారం, గబగబా నమిలే చప్పుడుకు జపాను వాళ్ళనే 'పాకు పాకు' అన్న మాటలోంచి పేరు. 2012లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం ఈ ఆటను తన సేకరణలో చేర్చుకుంది కూడా. మా డేరాలో నవ్విన పిల్లలకు ఇదంతా తెలిసుంటే ఎంత బావుండేదో!

తెరమీద 240 చిన్న చుక్కలు, 4 పెద్ద చుక్కలు. దయ్యాలు నాలుగూ ఒక్కలాటివి కావు. ఎర్రది సూటిగా వెన్నంటి వస్తుంది. గులాబీది మనం వెళ్ళబోయే చోటుకు నాలుగు గళ్ళు ముందే గురిపెడుతుంది. నీలిది ఎర్రదాన్నీ మనల్నీ రెండింటినీ చూసి లెక్కకడుతుంది. నారింజరంగుది దూరాన్నుంచి తరుముకొచ్చి, దగ్గరవగానే తన మూలకు మళ్ళిపోతుంది. నాలుగూ అప్పుడప్పుడూ తరమడం మానేసి కొన్ని క్షణాలు తలో మూలకూ పోతాయి. ఆ కాస్త వ్యవధిలోనే మనం గట్టెక్కాలి. చిన్నప్పుడు అన్నీ కలిసి నామీద పగబట్టాయనుకున్నాను. దేని నడక దానిదని ఇప్పుడు తెలిసింది. తెలిశాక భయం సగం తగ్గింది.

ఆ ధైర్యంతోనే రాత్రి మిద్దెమీద తమ్ముడితో నోరు విప్పాను. "ఆ రెండు రూపాయలూ తీసింది నేనేరా" అన్నాను.

"నాకు తెలుసు గదక్కా" అన్నాడు.

"ఎట్లా తెలుసు?"

"ఆ పొద్దు నేను డేరా ఎనకాలే వుంటి. చినిగిన గుడ్డ సందులోంచి నువ్వు ఆడేది చూస్తాంటి."

"మరి అమ్మతో ఎందుకు చెప్పలేదు?"

కాసేపు మాట్లాడలేదు. "నీకు ఏడో తరగతి చాలు, ఇంట్లో కూర్చోబెట్టమని అవ్వ నాయనతో అంటా వున్నింది. నేను విన్యా. ఒంటరిగా డేరాకు పోయినావని తెలిస్తే బడి మాన్పించేవాళ్ళు. నాలుగు దెబ్బలు తింటే పోతుందిలే అనుకుంటి."

తొమ్మిదేళ్ళ పిల్లవాడు! నేను డిగ్రీ దాకా చదివాను. వాడి చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. ఏమనాలో తోచక, "నువ్వెప్పుడైనా ఆడినావా ఆ ఆట?" అనడిగాను.

"రూపాయి యాడిదక్కా!" అని నవ్వాడు.

మేనకోడలి దగ్గర ఫోను తెచ్చి వాడి చేతిలో పెట్టాను. ఏ దయ్యం నడక ఎట్లాంటిదో ఒక్కొక్కటే చెబుతూ పన్నెండు గంటల దాకా ఆడించాను. రెండో తెరకు చేరగానే నలభై ఏడేళ్ళవాడు చప్పట్లు కొట్టాడు.

సోదరీమణులారా, ఇంట్లో ఏదైనా కనబడకపోతే మన చూపు ఎప్పుడూ ఒకే బిడ్డమీదికి పోతుంది. అల్లరివాడనో, ఆశపోతనో ముందే పేరు పెట్టేసి వుంటాం. ఈసారి బరికె అందుకునేముందు ఒక్కమాట అడగండి. "నేను కాదు" అని రెండుసార్లన్న బిడ్డ మూడోసారి ఎందుకు అనడం లేదో ఆలోచించండి. గడప దగ్గర నోరు మెదపకుండా నిలబడ్డ రెండో బిడ్డ వంక కూడా ఓసారి చూడండి.

మనలో ఎవరైనా అలాంటి మాట ఏదైనా దాచుకుని వుంటే, వినేవాళ్ళు వుండగానే చెప్పేసుకుందాం. అమ్మ విషయంలో నాకు ఆ వీలు దాటిపోయింది.