ఘటపాకవిద్య - ఉన్నతపాఠశాలలు
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



తర్కశాస్త్రము చదివిన వారెవ్వరును కుమ్మరి ఆవమును దాటి పోజాలరు. నల్లని పచ్చికుండ కాలి ఎఱ్ఱనగుట ఎట్లు? పరమాణువులు విడివడి పక్వములై మరల కూడునని వైశేషికులును, కుండ కుండగానే పక్వమగునని నైయాయికులును వాదించిరి. పండితులకు దృష్టాంతమైన ఆ అగ్నికార్యము మన యింటిది. దానిని మన బిడ్డలు బడిలో నేర్వకుండుట న్యాయమా?

జపానుదేశమున 16వ శతాబ్దమున క్యోటోనగరవాసి చోజిరో చేసిన తేనీటిపాత్రలతో నొక పద్ధతి వెలసెను. ఎఱ్ఱగా కణకణలాడు పాత్రను పట్టకారుతో కొలిమినుండి వెలికి తీయుట దాని విశేషము, పేరు రాకు. మన భాషలో ఆ మాట నిషేధార్థకమైనను, ఆ విద్యను రావలదన బనిలేదు. 1960లో అమెరికాలో పాల్ సోల్డ్నరు ఆ వేడిపాత్రను ఎండుటాకులలో నుంచి పొగపెట్టెను. నేడు అచ్చటి ఉన్నతపాఠశాలలలో విద్యార్థులు దీని నభ్యసించుచున్నారు.

సుమారు 1000 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల పాత్రను ఆకులున్న డబ్బాలో నుంచి మూతవేసినచో గాలి చాలక పొగ మట్టిరంధ్రములం జొచ్చును. మట్టియందలి యినుము ఆమ్లజనిం గోల్పోయి నలుపు దాల్చును. మన పెద్దలు ఆవమును మట్టితో మెత్తి, పొగను నిలిపి నల్లకుండలు చేసినది ఈ ధర్మముననే గదా!

మన నెల్లూరుతీరమున ఈ విద్యకు వలయు సామగ్రి కొఱతలేదు. సరుగుడుతోపుల రాలుటాకు, వడ్లయూక పొగకు చాలును. అయితే ఉప్పుటేళ్ల చెంతనున్న మట్టిలో గుల్లముక్కలుండును. అవి కాలి సున్నమై, పిదప తేమ పీల్చి ఉబ్బి, పాత్రను పెచ్చులూడ్చును. కావున మట్టిని జల్లింపవలయును. కాలిన పెంకులపొడి కలిపిన మట్టి హఠాత్తాపమునకు తాళును.

బోధించుటకు నియమములు గలవు. ఆరుబయట, సముద్రపుగాలి లేవకమున్నే కొలిమి పెట్టవలయును. నూలుబట్టలు, తోలు చేతితొడుగులు, కన్నులకు అద్దములు తప్పవు. పాత్ర తీయువా రొకరు, మూతవేయువా రొకరు. తక్కినవారు దూరముగ నిలువవలయును. ఈ పాత్రలు నీరు పీల్చునవి గాన భోజనమునకు వాడరాదని మొదటనే చెప్పవలయును.

కాని గురువెవరు? మన వృద్ధకులాలుడు డిగ్రీల పేరెఱుగకయే నిప్పువన్నె చూచి పాకము నిర్ణయించును. ఆ చూపు పుస్తకమున కెక్కదు. ప్రక్కన నిలిచి నేర్వనిచో ఆయనతోనే యంతరించును. లోహపాత్రలును ప్లాస్టికును వచ్చి కుండల బేరము తగ్గినది. బేరముతోపాటు చూపును పోనిచ్చుట మాత్రము మన లోపమగును.

పోషకమహాశయులు విద్యార్థివేతనము లిచ్చుచున్నారు, సంతోషము. దానితోపాటు ఒక్కొక్క ఉన్నతపాఠశాలకు చిన్నకొలిమి యొకటి కట్టించి, వృద్ధకులాలునికి గౌరవవేతనమిచ్చి, ఉపాధ్యాయుల సరసన ఆసనమిప్పింపుడని మా ప్రార్థన. కులవృత్తి పేరు చెప్పుటకు తలవంచుకొను బాలుడు, తన తాత యెదుట తరగతియంతయు చేతులు కట్టుకొని నిలుచుట చూడవలయును. బాలికలును తప్పక నేర్వవలయును.