గోదావరి ఒడ్డున ఏమి విడిచి వద్దాము?

రేడియో ప్రసంగము
ధ్యానభాగము: యెహోషువ గ్రంథము 4వ అధ్యాయము



మీ బైబిలు దగ్గరగా ఉంటే యెహోషువ 4వ అధ్యాయము తెరచి ఉంచండి. దానికి కొంచెం తరువాత వస్తాను. ముందు, మన మధ్య మూడు వారములుగా నడుస్తున్న ఒక తగవు గురించి మాట్లాడాలి. అబిడ్స్, నాంపల్లి ప్రాంతములలో ఉన్న మన కుటుంబాల యవ్వనస్థులు కొందరు సంక్రాంతి సెలవులలో భద్రాచలం మీదుగా వెళ్లి, పాపికొండల మధ్య పడవ ప్రయాణం చేస్తామని అడిగారు. ఊరికే చూచి రావడానికి కాదట. జియోకాషింగ్ అనే ఆట ఆడతారట. ఈ మాట వినగానే ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మీరైనా చెప్పండి. ఇంటి పక్కన నుమాయిష్ పెట్టుకొని అక్కడికి పొమ్మంటే పోరు, గోదావరిలో డబ్బాలు వెదకడానికి మూడు వందల కిలోమీటర్లు పోతారట!" అన్నది. నవ్వు వచ్చింది గాని, ఆమె కళ్లలో ఉన్నది నవ్వు కాదు, భయము. ఆ భయానికి కారణం ఉన్నది. దానిని పక్కకు నెట్టి మాట్లాడను.

ఈ ఆట ఏమిటో తెలియని పెద్దల కోసం చెబుతున్నాను. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్ని తెలిపే సంకేతాలు పంపుతుంటాయి. మన చేతిలోని పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటే, అవి ఎంత ఆలస్యముగా వచ్చాయో లెక్కగట్టి, మనమున్న చోటు ఇదీ అని చెప్పగలదు. ఇది మొదట అమెరికా సైన్యం కోసం కట్టిన ఏర్పాటు. సామాన్యులకు అందే సంకేతంలో వారు కావాలనే తప్పు కలిపేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000వ సంవత్సరం మే నెల మొదట్లో, ఒక్క రాత్రిలో ఆ తప్పు కలపడం మానేశారు. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే చోట డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బక్కెట్టులో కొన్ని వస్తువులు, ఒక పుస్తకము పెట్టి అడవిలో దాచి, అక్షాంశ రేఖాంశాలు మాత్రం అందరికీ చెప్పాడు. కనుగొన్నవారు పుస్తకంలో పేరు వ్రాయాలి. ఏదైనా తీసుకుంటే బదులుగా ఒకటి పెట్టాలి. అంతే ఆట. ఈనాడు లోకమంతటా లక్షలాది డబ్బాలు అలా దాచబడి ఉన్నాయి. మన దేశంలో మాత్రం చాలా తక్కువ.

పిల్లలు ఇప్పటికే కొంత సాధన చేశారు. ఒక ఆదివారం ఆరాధన తరువాత అబిడ్స్ జి.పి.ఓ. దగ్గరనుంచి బయలుదేరి, ఫోను చూపే చుక్కనుబట్టి నడిచారు. ఆ ఆదివారం పాత పుస్తకాల అంగళ్లు పేవ్‌మెంటు మీద పరచి ఉన్నాయి. సగం మంది అక్కడే ఆగిపోయారనుకోండి. మిగిలినవారికి ఒక వింత కనబడింది. రోడ్డుకు ఈ పక్క నిలబడితే ఫోనులో చుక్క ఆ పక్కన ఉన్నది. సందులోకి వెళ్తే చుక్క మేడ మీదికి ఎక్కింది! కారణం తేలికే. ఎత్తైన కట్టడాల మధ్య ఆకాశం ఇరుకుగా కనబడుతుంది, కొన్ని సంకేతాలు గోడకు తగిలి తిరిగి వస్తాయి, పరికరం ఆ దారినే నిజమనుకుంటుంది. పాపికొండల మధ్య కూడ ఇదే జరుగుతుంది. రెండు వైపులా కొండలు పాపిడి తీసినట్టు నిలబడిన ఆ చోట ఆకాశం ఒక పట్టీలాగా మిగులుతుంది.

ఆ దినమే ఒక అబ్బాయి, చిన్న స్టీలు డబ్బాను ఏదో ఒక గోడ సందులో దాచిపెడదామన్నాడు. వద్దన్నాను. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోను, మనకు నడక దూరంలో కోఠి గోకుల్ చాట్ దగ్గరను బాంబులు పేలి 42 మంది చనిపోయారు. అప్పటికి ఆ అబ్బాయి పసివాడు. మన వీధులలో యజమాని లేని డబ్బా కనబడితే ఇప్పటికీ గుండె జల్లుమనే తల్లులు ఉన్నారు. మన ఆట ఇంకొకరికి వణుకు కాకూడదు. కాబట్టి డబ్బా చర్చి ఆవరణలోనే చెట్టు మొదట దాచారు, సండేస్కూలు పిల్లలు వెదకి పట్టుకున్నారు.

ఇక నది. గోదావరి మీద స్థలాలు గుర్తించే పని మన పిల్లలతో మొదలు కాలేదు. 1819లో హైదరాబాదునుండి జార్జి ఎవరెస్టు అనే యువ అధికారి, విలియం లాంబ్టన్ క్రింద పనిచేస్తూ, కృష్ణా గోదావరుల మధ్య అడవులను కొలవడానికి వెళ్లాడు. కొండ శిఖరాలమీద గుర్తులు నిలిపి, కోణాలు కొలిచి లెక్కగట్టాలి. వర్షాకాలంలో వెళ్లారు. అడవి జ్వరం పట్టుకొని బృందమంతా పడిపోయింది. హైదరాబాదుకు మోసుకొని రావలసి వచ్చింది. తరువాత లోకంలోకెల్లా ఎత్తైన శిఖరానికి పెట్టింది ఆయన పేరే. మన యవ్వనస్థులు జేబులోనుండి తీసి చూచుకునే చుక్క వెనుక అంత శ్రమ ఉన్నదని తెలిస్తే మంచిది. వర్షాకాలం వదలి చలికాలం ఎంచుకోవడం కూడ తెలివైన పనే. జనవరిలో వరద ఉండదు. పొగమంచు ఉంటుంది, అది విడిచేవరకు పడవ కదలకూడదు.

భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ దొరగారి తరువాత, గోదావరి పొడవునా పడవలు నడపాలని అక్కడ పనులు చేసినవాడు హెయిగ్ అనే ఇంజనీరు. పడవల దారి పూర్తి కాలేదు, 1871లో విడిచిపెట్టారు. గాని ఆయన 1860 ప్రాంతంలో కోయవారి మధ్య మొదలుపెట్టించిన సువార్త పని మిగిలింది. వచ్చిన పని ఒకటి, మిగిలిన పని ఒకటి. ఆ పిల్లలు ఒక గంట దారి తప్పి ఆ ఊరు కూడ చూచి వస్తే నాకు సంతోషము.

ఇప్పుడు ఆ తల్లి భయము దగ్గరకు వస్తాను. 2019 సెప్టెంబరు 15, ఆదివారము. గోదావరి వరదలో ఉన్నది. పాపికొండలు చూడడానికి వెళ్లిన రాయల్ వశిష్ట అనే పెద్ద పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర సుడిలో తలక్రిందులైంది. అందులో హైదరాబాదువారు, వరంగల్లువారు ఎందరో ఉన్నారు. బ్రదికి బయటపడినవారు 26 మంది. పడవను నీళ్ల అడుగునుండి అక్టోబరు 22కు గాని బయటకు తీయలేకపోయారు. అంతవరకు కొన్ని కుటుంబాలు ఒడ్డునే కూర్చున్నాయి. చాలామంది లైఫ్ జాకెట్లు వేసుకోలేదని బ్రదికినవారే చెప్పారు. ఉక్కగా ఉన్నదని, ఫోటోలో బాగుండదని వాటిని విప్పేయడము మనమందరమూ చూచినదే.

ఆ 26 మందిని మొదట ఎవరు పట్టుకున్నారో తెలుసా? ఒడ్డున ఉన్న గిరిజన గ్రామాలవారు. కేకలు విని చిన్న నాటు పడవలు వేసుకొని ఆ సుడివైపుకే వెళ్లారు. వారి చేతిలో ఉపగ్రహాల లెక్క లేదు. సుడి ఎక్కడ తిరుగుతుందో, కొట్టుకొనిపోయే మనిషి ఏ మలుపు దగ్గర ఒడ్డుకు దగ్గరవుతాడో వారికి తెలుసు. లూకా 10వ అధ్యాయంలో ప్రభువు పొరుగువాడెవడని అడిగినవానికి ఒక కథ చెప్పాడు గదా. మన ఊరివారి విషయంలో ఆ పొరుగువారు కోయలు, కొండరెడ్లు. మనము వారి పేర్లు అడిగామా? వారిని తరువాత ఎవరైనా వెళ్లి పలకరించారా? ప్రియులారా, ఇది నన్ను నిద్రపోనియ్యని ప్రశ్న.

ఎందుకంటే ఆ ఊళ్లు ఇంకెంత కాలం అక్కడ ఉంటాయి? పోలవరం జలాశయము 150 అడుగుల పూర్తి మట్టానికి నిండితే పాపికొండల మధ్య నదికి ఆనుకొని ఉన్న పల్లెలు మునుగుతాయి. నిర్వాసితులు కావలసిన కుటుంబాలు లక్షకు పైగా. ఆ ప్రాంతపు మండలాలను 2014లో ఖమ్మం జిల్లానుండి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినది దీనికోసమే. 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు, 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఇళ్లు ఒకసారి మునిగి లేచినవారికి ఆ అంకెలు మనకంటే బాగా అర్థమవుతాయి. కొందరు ఇప్పటికే పునరావాస కాలనీలకు వెళ్లారు. ఆనకట్ట కావాలా వద్దా అన్న చర్చ ఈ పావుగంటలో తేల్చేది కాదు. నీళ్లు కావలసిన రైతులు కూడ మన సంఘాలలోనే ఉన్నారు. అయితే ఆటలో వాడే ఆ అంకెలను, అక్షాంశము రేఖాంశము, ఒకసారి ఆలోచించండి. ఊరు పోయినా ఆ అంకెలు మారవు. పరికరం పట్టుకొని వెళితే, "మీరు చేరారు" అంటుంది. చూస్తే క్రింద నీళ్లే ఉంటాయి.

యెహోషువ 4 తెరచి ఉంచమన్నాను. యొర్దాను పొంగి పారే కాలంలో ఆ జనము నదిని దాటింది. దాటిన తరువాత గోత్రమునకు ఒకడు చొప్పున పన్నెండు మంది నది మధ్యకు తిరిగి వెళ్లి, ఒక్కొక్క రాయి భుజమున మోసుకొచ్చారు. వాటిని గిల్గాలులో నిలిపారు. పిల్లలు అడగడానికే అవి నిలిపారు. వారు అడిగినప్పుడు తండ్రి కూర్చుని కథ చెప్పాలి. ఇంకొక మాట మనము గబగబా చదివి దాటిపోతాము. తొమ్మిదవ వచనము చూడండి. యెహోషువ నది మధ్యలో కూడ పన్నెండు రాళ్లు నిలిపాడు. నీళ్లు మళ్లీ వచ్చాక అవి ఎవరికి కనబడతాయి? ఎవరికీ కనబడవు. అయినా నిలిపాడు. మునిగిపోయేదానిని గూర్చి కూడ దేవుని గ్రంథము లెక్క వ్రాసి ఉంచింది.

కాబట్టి యవ్వనస్థులతో కూర్చుని ఇలా తేల్చుకున్నాము. పాపికొండలు 2008నుండి జాతీయ ఉద్యానవనము. అనుమతి లేకుండా ఆ అడవిలో ప్లాస్టిక్ డబ్బా దాచకూడదు. ఆ ఆట నియమాలు కూడ స్థలము గలవారి అనుమతి అడగమనే చెబుతాయి. డబ్బా లేకుండా ఆడే పద్ధతి ఒకటి 2004నుండి ఉన్నది. చెప్పిన చోటికి వెళ్లి అక్కడి రాతిని, నేలను, నీటి జాడను చూచి, ప్రశ్నలకు జవాబు వ్రాసుకొని రావాలి. మన పిల్లలు దానికి ఒకటి కలిపారు, ఇది వారి ఆలోచనే: ఆగిన ప్రతి రేవులోను ఒక పెద్దవారిని ఆ ఊరి కథ అడిగి, వారికి ఇష్టమైతే వారి మాటలలోనే పుస్తకంలో వ్రాయాలి. ఏ చెట్టు క్రింద పంచాయితీ జరిగేది, వరద ఎంతవరకు వచ్చింది, అక్కడినుండి ఎవరు ఎక్కడికి వెళ్లారు. వ్రాసినది రెండు ప్రతులు చేసి ఒకటి ఆ ఊరివారికే పంపాలి. తీసుకున్నదానికి బదులు పెట్టడమంటే ఇదే అని వారు నాకు చెప్పారు. నేను సంతోషముగా ఒప్పుకున్నాను.

ఒక్క షరతు మాత్రం నాది. ఆ ఇళ్లలో అడుగుపెట్టేటప్పుడు ముందుగా ఫోటో తీయవద్దు. కూర్చోండి. ఇచ్చిన నీళ్లు త్రాగండి. వెదురు బుట్టలు అల్లేవారి దగ్గర కొంటే, అడిగిన ధర ఇవ్వండి. అబిడ్స్‌లో చెప్పుల ధర తగ్గించినట్టు అక్కడ బేరమాడవద్దు.

తల్లిదండ్రులారా, మీకు. పడవకు అనుమతి పత్రము, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో వ్రాసిన బోర్డు చూచిన తరువాతనే ఎక్కుతారు. ఎక్కినప్పటినుండి దిగేవరకు లైఫ్ జాకెట్టు ఒంటిమీదే ఉంటుంది, భోజనం చేసేటప్పుడు కూడ. చీకటి పడిన తరువాత నదిలో ఉండరు. కొండల మధ్య సిగ్నలు పోతుంది. ఫోను మోగకపోతే కంగారు పడవద్దు. మ్యాపు ముందుగా దింపుకుంటే ఆ చుక్క సిగ్నలు లేకున్నా పనిచేస్తుంది గాని, మీకు ఫోను చేయడం కుదరదు. ఒకరి అన్నయ్య అమెరికానుండి ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం పంపుతానన్నాడట. వద్దని చెప్పండి, మన దేశంలో అనుమతి లేకుండా అటువంటివి వాడకూడదు, పిల్లలు చిక్కుల్లో పడతారు. పడవ బయలుదేరే ముందు రేవునుండి ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి ఫోను చేస్తారు.

పేరు ఇచ్చే పిల్లలు తండ్రిగాని తల్లిగాని సంతకం పెట్టిన కాగితంతో వచ్చే ఆదివారం ఆరాధన తరువాత వెస్ట్రీలో నన్ను కలవాలి. ఈత వచ్చినవారు, రానివారు విడివిడిగా వ్రాయండి. చలికి కంబళి ఎవరికి వారే తెచ్చుకోవాలి. వ్రాయడానికి పెద్ద నోటుపుస్తకాలు రెండు ఎవరైనా ఇవ్వగలిగితే వాటిని కూడ ఆ రోజే తీసుకురండి.