‘మొట్టమొదటి స్త్రీ’ తర్వాత ఏం జరిగింది?

(ప్రసంగ పాఠం)



‘మొట్టమొదటి స్త్రీ’ అనగానే చప్పట్లు కొట్టడం మనకు అలవాటు. ఆ మొదటి ఆమెకు రెండో అవకాశం దొరికిందా అని మాత్రం అడగం. అమెరికన్ నల్లజాతి దర్శకురాలు జూలీ డాష్ విషయంలో ఆ ప్రశ్న అడిగి తీరాలి.

ఆమె 1952లో న్యూయార్క్‌లో పుట్టింది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా చదివింది. హాలీవుడ్ చూపించే నల్లవాళ్లను కాదని, తమ మనుషుల కథలు తామే తీయాలని అక్కడి నల్లజాతి విద్యార్థులు పూనుకున్న కాలమది. 1982లో ఆమె తీసిన ‘ఇల్యూజన్స్’ అరగంట సినిమా. కథ 1942 నాటి హాలీవుడ్ స్టూడియోలో జరుగుతుంది. తెర మీద పెదవులు కదిపేది తెల్లజాతి తార, పాడేది ఎస్తర్ అనే నల్లజాతి అమ్మాయి. ప్లేబ్యాక్ మనకు కొత్త కాదు. కాని మన గాయనుల పేర్లు రేడియోలో వింటూ పెరిగాం. ఎస్తర్ గొంతు కావాలి, ఎస్తర్ అక్కర్లేదు! అదే స్టూడియోలో పెద్ద ఉద్యోగంలో ఉన్న మిన్యాన్ కూడా నల్లజాతి స్త్రీయే. తెల్లగా కనిపిస్తుంది కనుక ఎవరూ గుర్తుపట్టరు.

ఆ తర్వాత 1991లో ‘డాటర్స్ ఆఫ్ ద డస్ట్’ వచ్చింది. అమెరికా ఆగ్నేయ తీరంలోని దీవుల్లో గల్లా ప్రజలున్నారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి వాళ్లు. డాష్ తండ్రి వైపువారూ వాళ్లే. 1902లో ఒక గల్లా కుటుంబం దీవి వదిలి ఉత్తరాదికి బయలుదేరబోతూ కలుసుకుంటుంది. ముసలి నానా మాత్రం కదలనంటుంది. నీలిమందు పనిచేసి ఆమె చేతులు నీలంగా మారిపోయాయి. నిజానికి ఆ రంగు అన్నేళ్లు నిలవదని చరిత్ర తెలిసినవారు చెప్పినా డాష్ మార్చలేదు. బానిసత్వం అనగానే కొరడా దెబ్బల మచ్చలు చూపించే అలవాటు ఆమెకు వద్దు. హింసకు గురైన స్త్రీల గురించి పోస్టర్లు, కరపత్రాలు వేసే మనం ఆ చేతుల దగ్గర కాసేపు ఆగాలి. దెబ్బలు తిన్న శరీరాన్ని మళ్లీ చూపించకుండానే ఆమె ఆ చరిత్ర అంతా చెప్పింది.

ఖర్చు సుమారు 8 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో చిల్లర డబ్బు. అదీ ప్రధానంగా ప్రభుత్వ టెలివిజన్ వైపు నుంచే వచ్చింది. 1992లో విడుదలైనప్పుడు న్యూయార్క్‌లో టిక్కెట్లు అయిపోయాయి. నల్లజాతి స్త్రీలు ఒకరికొకరు చెప్పుకుని వచ్చారు. అమెరికా థియేటర్లలో సాధారణ విడుదల పొందిన అమెరికన్ నల్లజాతి స్త్రీ మొదటి కథాచిత్రం ఇది. ‘దీనికి ప్రేక్షకులెక్కడ?’ అన్నవాళ్లకు అంతకంటే జవాబు ఏం కావాలి?

అయినా రెండో సినిమాకు స్టూడియోలు ముందుకు రాలేదు. పాతికేళ్లు గడిచినా థియేటర్‌కు మరో కథాచిత్రం తీసుకురాలేకపోయింది. లోపం ప్రతిభలో లేదు, తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాంట్లో ఉంది.

ఆమె మాత్రం పని మానలేదు. పాటల వీడియోలు తీసింది, నవల రాసింది, టెలివిజన్‌కు వెళ్లింది. 2002లో సి.బి.ఎస్. కోసం ‘ద రోసా పార్క్స్ స్టోరీ’ తీసింది. 1955లో మాంట్‌గోమరీ బస్సులో సీటు వదలనన్న రోసా పార్క్స్‌ను అలసిపోయిన కుట్టుపని మనిషిగానే చెప్పుకుంటారు. ఆమె అప్పటికి ఎన్నో ఏళ్లుగా పౌరహక్కుల సంఘంలో పనిచేస్తున్న కార్యకర్త అని మనలో ఎందరికి తెలుసు?

‘డాటర్స్’ను 2004లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు. సినిమాను భద్రపరిచారు సరే, తీసిన మనిషికి పని? అది 2017లో మరో నల్లజాతి దర్శకురాలి నుంచి వచ్చింది. ఎవా డ్యువర్నే తన ‘క్వీన్ షుగర్’ సీరియల్‌కు అన్ని భాగాలూ స్త్రీలే దర్శకత్వం వహించాలని పట్టుబట్టింది. రెండో ఏడాది పిలిచిన దర్శకురాళ్లలో జూలీ డాష్ ఒకరు.