వీథి చెట్టునకు ఖాతా ఉండవలెను
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పుస్తకముల పండుగనాడు పట్టణపు చెట్లను గూర్చి ప్రసంగమేమని కొందరకు తోపవచ్చును. పట్టణము మన పొలిమేర దాక వచ్చియున్నది. మన బిడ్డలు పలువురు అచ్చటనే కాపురమున్నారు. మన బజారువీథియు సిమెంటు పూతతో ఆ రూపునే దాల్చుచున్నది. కావున నేడు పట్టణపు చెట్టునకు కలిగిన కష్టము రేపు మన చెట్టునకును కలుగును.

మన పెద్దలు సప్తసంతానములలో పుత్రునితోబాటు వనమును చేర్చిరి. సంతానమనగా కని వదలివేయునది కాదు, పెంచవలసినది. నేడు మొక్క నాటుట పురుటి వేడుకగా ముగియుచున్నది. పెంపకము ఎవరి వంతో తెలియకున్నది.

1950లో నాటి కేంద్ర ఆహార వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును ఆరంభించిరి. 2015లో తెలంగాణమున హరితహారము మొదలైనది. ఇవి గొప్ప కార్యములే. కాని ఉత్సవదినమున వ్రాయబడునది నాటిన మొక్కల లెక్క మాత్రమే. లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను గనుక ఒకమాట చెప్పెదను. జమ వ్రాసి నిలువ తేల్చని చిట్టాను ఎవరును ఒప్పరు. తొలకరిలో ఎన్ని నాటితిమన్నది జమ. మూడు వేసవులు దాటి ఎన్ని నిలిచినవన్నది నిలువ.

ఈ సూక్ష్మమును శాసనకర్తలును గ్రహించిరి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము (2018), పురపాలక చట్టము (2019) నాటినవానిలో నూటికి 85 మొక్కలు బ్రదుకవలెనని విధించి, ఆ బాధ్యతను ప్రజాప్రతినిధులపైనను అధికారులపైనను ఉంచినవి. చట్టము బాధ్యుని పేర్కొనగలదు గాని, వైశాఖమాసపు టెండలో బిందెడు నీళ్లు మోసి పోయజాలదు. ఆ పని వీథివారిదే.

నీరెప్పుడు పోయవలెనో వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చెప్పియున్నాడు: వేసవిలో ఉదయ సాయంకాలములు, చలికాలమున దినము విడిచి దినము, వానకాలమున నేల యెండినప్పుడు. చెట్టునకు చెట్టునకు నడుమ 20 మూరలు ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కనిష్ఠమనియు నియమించెను. కనిష్ఠమే 18 అడుగులగుచున్నది. మనమో నాలుగడుగులకొకటి నాటి సంఖ్యను పెంచుకొందుము.

పెరిగిన చెట్టునకును ఆపదలు తప్పవు. మొదలు చుట్టును సిమెంటు పోయుటచే వేళ్లకు నీరును గాలియు అందవు. బోదెకు మేకులు దిగగొట్టి ప్రకటనల పలకలు తగిలింతురు. విద్యుత్తు తీగలకు అడ్డమని ఒకప్రక్క కొమ్మలెల్ల నరికినచో, బరువు తప్పిన చెట్టు గాలివానకు కూలును. ఢిల్లీలో ఇట్టి దురవస్థ జాతీయ హరిత న్యాయాధికరణము ఎదుటికి రాగా, చెట్టు చుట్టును ఒక మీటరు మేర సిమెంటును తొలగింపవలెననియు, మేకులను పలకలను తీసివేయవలెననియు 2013లో ఆజ్ఞ వెలువడినది.

హైదరాబాదునుండి చేవెళ్ల మీదుగా బిజాపూరు పోవు మార్గమున ఇరుప్రక్కల వందలకొలది మర్రులు కలవు. రహదారి వెడల్పునకై అవి పోవునని తెలిసినప్పుడు వృక్షప్రేమికులు చెట్టు చెట్టును లెక్కించి, పటమున గుర్తించి, న్యాయాధికరణమున వాదించిరి. మార్గపు నమూనా మారి, పెక్కు చెట్లు ఉన్నచోటనే నిలుచునట్లు 2025లో నిర్ణయమైనది. "చెట్లున్నవి, కొట్టకుడు" అనుట వేరు. "ఇన్ని చెట్లు, ఈ ఈ తావుల, ఇంతింత చుట్టుకొలతతో నున్నవి" అనుట వేరు.

మన బజారున నున్న చింతలను ఎవరు నాటిరో మనమెరుగము. వానికి ఖాతా లేదు. గొడ్డలి వచ్చిననాడు చూపుటకు మనచేత కాగితమైన లేదు.

ఆకులు రాలి వాకిలి పాడగుననియు, దుకాణపు పేరు మరుగుపడుననియు కొందరి అభ్యంతరము. అది అబద్ధము కాదు. అందుచేతనే నాటకముందే ఆ ఇంటివారినడిగి చోటును జాతిని నిర్ణయింపవలెను. సమ్మతిలేని వాకిట నాటిన మొక్క రాత్రికి రాత్రి మాయమగును. తీగల క్రింద గన్నేరు, పారిజాతము వంటి పొట్టి జాతులును, తావు కలచోట వేప, కానుగలును తగును.

మన గ్రంథాలయమున పుస్తకము ఇంటికిచ్చునప్పుడు పేరును తేదిని వ్రాయుదుము. అందుచేతనే 25 ఏండ్లనాటి పుస్తకములు నేటికిని అరలలో నున్నవి. ఊరందరిదని పేరు వ్రాయక విడిచినచో అవి యెన్నడో కనుమరుగయ్యెడివి. వీథి చెట్టును ఊరందరిదే. కావున దానినిగూడ ఒక ఇంటి పేర వ్రాయుదము. చెట్టు సంఖ్య, జాతి, నాటిన సంవత్సరము, చుట్టుకొలత, పెంచువారి పేరు, వారు ఊరలేనప్పుడు నీరు పోయు పొరుగువారి పేరు ఉండిన చాలును. ప్రతి ఉగాదినాడు బ్రదికినవెన్నియో, చచ్చినవెన్నియో, మరల నాటినవెన్నియో సభలో చదువుదము. చెట్టు కొట్టవచ్చినవానిని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టముక్రింద అనుమతిపత్రము చూపుమని అడుగుదము.

గీతలు గీసిన చిట్టా గ్రంథపాలకుని బల్లపై నున్నది. బస్సు ఆగుచోటునుండి ఈ గ్రంథాలయము దాక నున్న చెట్లతో ఆరంభింపవచ్చును. పేరు వ్రాయించుకొనువారు నేడే వ్రాయించుకొనవలెనని ప్రార్థన. మూడు వేసవులు గడచిన పిమ్మట అందరమును గూడి నిలువ తేల్చుకొందము.