బ్రేక్ ఆయిల్ నూనె కాదు

సెలవులకి పిల్లల్తో కొండలకి బయల్దేరేవాళ్ళు చాలామంది ఉంటారు కదా, ఇవాళ బ్రేకుల గురించి నాలుగు మాటలు.

మన వైపు మెకానిక్కులు "బ్రేక్ ఆయిల్" అంటారు గానీ అది నూనె కాదు. మామూలు కార్లలో ఉండేది గ్లైకాల్ జాతి ద్రవం. అందులో ఇంజన్ ఆయిల్ పోశారో, లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకులే పోతాయి. పైగా ఇది గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. పైక్స్ పీక్ లాంటి కొండ దిగుతూ అదేపనిగా పెడల్ తొక్కితే ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. బుడగలు నొక్కితే కుదించుకుపోతాయి, పెడల్ నేలకంటుతుంది, కారు ఆగదు. తిరుమల ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు డ్రైవర్లు చిన్న గేరు వేసేది ఇందుకే. ఆటోమేటిక్‌లోనూ చిన్న గేరు ఉంటుంది, వాడండి. ద్రవాన్ని మాన్యువల్లో రాసిన గడువుకి మార్పించండి.

డబ్బాలో మట్టం తగ్గితే ఊరికే పోసెయ్యకండి. ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. చూపించాల్సిందే.

ఇక కూలంట్. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో ఏదో ఒకటి పోసి దాచే అలవాటు మనకుంది చూశారూ, గరాజ్‌లో అది వద్దు. పిల్లలు తాగితే, బాగానే ఉన్నారు కదా అని ఆగకండి. అమెరికాలో ఉన్నవాళ్ళు వెంటనే 1-800-222-1222కి ఫోన్ చెయ్యండి. స్పృహ తప్పితే 911.